కండోనేషన్ అంటే డొనేషన్ కాదు



మన పదో తరగతి పిల్లల్లో కొందరు పరీక్షలు రాయగానే ట్రిపుల్ ఐటీ అప్లికేషన్ పెడతారు. మిగతావాళ్లు ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్‌కో డిగ్రీకో వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా మొదటి వారంలోనే వాళ్లకు ఒక కొత్త భాష ఎదురవుతుంది. ఈ నెల ఇంగ్లిష్ పాఠం అందుకే పిల్లలకు కాకుండా మీకు చెబుతున్నాను.

"మావాడు ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే కదా మేడమ్, వాడికేం ఇబ్బంది?" అని చాలామంది అంటారు. ఇబ్బందే. ఈ మాటలు మన పాఠ్యపుస్తకాల్లో ఉండవు, నిఘంటువు చూసినా సగమే తెలుస్తాయి. పైగా ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. అర్థం కాలేదని పదిమందిలో అడగాలంటే నామోషీ.

ముందు పేర్ల సంగతి చూడండి. మనం ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాం. 2021 నుంచి మన రాష్ట్రంలో దాని పేరు ఈఏపీసెట్. మెడిసిన్ సీట్లు నీట్‌కు వెళ్లాయి కాబట్టి 'ఎం' పోయి, ఫార్మసీకి గుర్తుగా 'పీ' వచ్చింది. మనం ట్రిపుల్ ఐటీ అంటున్న నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌ల అసలు పేరు ఆర్‌జీయూకేటీ. సర్టిఫికెట్ మీద ఆ పేరే ఉంటుంది. అక్కడి పిల్లలు పీ-వన్, పీ-టూ, ఈ-వన్, ఈ-టూ అంటుంటారు. 'పీ' అంటే పీయూసీ, ఇంటర్‌తో సమానమైన మొదటి రెండేళ్లు. 'ఈ' అంటే ఆ తర్వాతి నాలుగేళ్ల ఇంజనీరింగ్. "నేను ఈ-టూ" అని అబ్బాయి అంటే, అక్కడ చేరి నాలుగో ఏడు నడుస్తోందన్నమాట. మీ ఇంట్లో 1960లలో నరసరావుపేట ఎస్.ఎస్.ఎన్. కాలేజీలో చదివిన తాతగారుంటే పీయూసీ అనగానే గుర్తుపడతారు. కాకపోతే ఆయన కాలంలో అది ఒక్క ఏడాదే.

పేర్లు తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. హాజరుకు సంబంధించిన మాటలు తెలియకపోతే మాత్రం ఒక ఏడాదే పోవచ్చు.

మాచర్ల వైపు ఒక మిర్చి రైతు సంగతి చెబుతాను. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా ఫోన్ చేసి "కండోనేషన్ కట్టాలి నాన్నా" అన్నాడు. ఆయనకు డొనేషన్ అని వినిపించింది. సీటు వచ్చాక మళ్లీ డొనేషన్ ఏమిటని కాలేజీ వాళ్లను నాలుగు మాటలు తిట్టుకుని, డబ్బు మాత్రం పంపేశాడు. కొడుకూ వివరం చెప్పలేదు. చెబితే క్లాసులు ఎగ్గొట్టిన సంగతి బయటపడుతుంది మరి. తర్వాతి సెమిస్టర్‌లో అబ్బాయి డిటైన్ అయ్యాకే ఆ తండ్రికి అసలు విషయం తెలిసింది.

కండోన్ అంటే తప్పును మన్నించడం. జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల ప్రకారం సెమిస్టర్ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం చూపించి, రుసుము కట్టి మన్నింపు కోరవచ్చు. అదే కండోనేషన్. 65 కంటే తగ్గితే ఆ మన్నింపు కూడా ఉండదు. పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. దాన్నే డిటైన్ అంటారు. తోటివాళ్లు పై తరగతికి వెళ్తారు, మన పిల్లవాడు జూనియర్ల పక్కన కూర్చుంటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ హాజరుతో ముడి ఉందని మరచిపోకండి. కాబట్టి "కండోనేషన్" అన్న మాట ఫోన్‌లో వినబడితే డబ్బు ఎంత అని అడిగే ముందు హాజరు ఎంత అని అడగండి.

తరచుగా వినిపించే ఇంకో మాట సప్లీ. ఇది సప్లిమెంటరీకి ముద్దుపేరు. తప్పిన సబ్జెక్టును బ్యాక్‌లాగ్ అంటారు, దాన్ని మళ్లీ రాసే పరీక్ష సప్లీ. ఒకటి రెండు ఉంటే కొంప మునగదు, రాసి గట్టెక్కినవాళ్లు బోలెడు మంది. పేరుకుపోతేనే కష్టం. క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కంపెనీలు చాలావరకు పెండింగ్ బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను రాత పరీక్షకే కూర్చోనివ్వవు.

ఇక ఎస్‌జీపీఏ, సీజీపీఏ. మొదటిది ఒక సెమిస్టర్ లెక్క, రెండోది మొదటి నుంచి ఇప్పటిదాకా అన్నీ కలిపిన లెక్క. ప్రతి సబ్జెక్టుకూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి, అంటే దాని బరువు. ఉదాహరణకు మూడు క్రెడిట్ల సబ్జెక్టులో 9 పాయింట్లు వస్తే 27. ఇంకో మూడు క్రెడిట్ల దానిలో 6 వస్తే 18. ఒకటిన్నర క్రెడిట్ ల్యాబ్‌లో 10 వస్తే 15. మొత్తం 60. దాన్ని ఏడున్నర క్రెడిట్లతో భాగిస్తే 8 వస్తుంది. ల్యాబ్‌లో పదికి పది వచ్చినా దాని బరువు తక్కువని గమనించారా? పిల్లలు ల్యాబ్ మార్కులు చూపించి మనల్ని మురిపించేది ఇక్కడే. ఇంకో మాట, 8 అంటే 80 శాతం అనుకోకండి. శాతంలోకి మార్చే సూత్రం విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది.

ఆర్-20, ఆర్-23 అని కూడా వింటారు. అవి గది నంబర్లు కావు. 'ఆర్' అంటే రెగ్యులేషన్స్, పక్క అంకె అవి మొదలైన సంవత్సరం. 2023లో చేరినవారికి ఆర్-23 వర్తిస్తుంది. పైన చెప్పిన హాజరు, క్రెడిట్లు, పాస్ మార్కులు అన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. చేరిన రోజే దాన్ని డౌన్‌లోడ్ చేయించి, హాజరు పేజీని పిల్లల చేత తెలుగులో చెప్పించుకోండి. ఇంగ్లిష్ టీచర్ తెలుగులో చెప్పించమంటోందేమిటి అనుకోకండి. గడగడా చదివినదంతా అర్థమైనట్టు కాదు. సొంత మాటల్లో అమ్మకు చెప్పగలిగితేనే అర్థమైనట్టు. ఇప్పుడే మొదలుపెట్టాలంటే మన ప్రోగ్రెస్ కార్డు మీది ఎఫ్‌ఏ, ఎస్‌ఏలు ఏమిటో ఈ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి.

చివరిగా ఒక చిన్న మాట, "ఇంట్రో". సీనియర్లు "ఇంట్రో ఇవ్వు" అంటారు. పేరు, ఊరు చెప్పించుకుని నవ్వుతూ పంపేస్తే అది పరిచయమే. అర్ధరాత్రి గదికి పిలిచి నిలబెట్టినా, పాడమని ఆడమని బలవంతం చేసినా దాని అసలు పేరు ర్యాగింగ్. మన రాష్ట్రంలో 1997 నుంచి దానిపై ప్రత్యేక చట్టం ఉంది. చేరేటప్పుడు ర్యాగింగ్ జోలికి వెళ్లబోమని విద్యార్థితో పాటు తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలి. దాన్ని చదివి సంతకం పెట్టండి. యూజీసీ ఉచిత హెల్ప్‌లైన్ 1800-180-5522. పిల్లల ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ ఆ నంబరు సేవ్ చేసి ఉంచండి.