మెదడు మీద తీగలు పెడితే మాట పోతుందా?

ప్రశ్న: మా బాబుకు 19 ఏళ్లు. ఏడో తరగతి నుంచి ఫిట్స్. మూడు రకాల మందులు వాడినా నెలకు నాలుగైదుసార్లు వస్తూనే ఉన్నాయి. ముందు కుడిచెయ్యి మెలి తిరుగుతుంది, మాట ఆగిపోతుంది. ఆపరేషన్‌కు ముందు పుర్రె తెరిచి, మెదడు మీద తీగలు పెట్టి పరీక్ష చేయాలని హైదరాబాద్‌లో డాక్టరు చెప్పారు. ఉన్న మాట కూడా పోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, కల్వకుర్తి

జవాబు: అమ్మా, మాట పోకుండా కాపాడటానికే ఆ పరీక్ష. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఫిట్స్ మొదలయ్యే చోటు మెదడు ఎడమవైపు, మాటకు సంబంధించిన భాగానికి దగ్గర్లో ఉండొచ్చు. ఎంతవరకు తీయాలో, ఎక్కడ ఆగాలో తేల్చుకోకుండా సర్జన్ కత్తి పట్టకూడదు.

తలకు అతికించి తీసే ఈఈజీ మీకు తెలిసిందే. మెదడులో పుట్టే కరెంటు పుర్రె దాటి వచ్చేసరికి బాగా సన్నగిల్లుతుంది. గోడకు చెవి ఆనించి పక్కింటి మాటలు విన్నట్టే. ఎలక్ట్రోకార్టికోగ్రఫీ అనే ఈ పరీక్షలో ఆ గోడ అడ్డుండదు. 1950ల నాటికే మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, హెర్బర్ట్ జాస్పర్ దీన్ని ఫిట్స్ ఆపరేషన్లలో వాడారు.

పెట్టేది పలుచని సిలికాన్ రేకు. దాని మీద సుమారు సెంటీమీటరు ఎడంతో వరుసగా ప్లాటినం బిళ్లలుంటాయి. చూడటానికి అచ్చం బొట్టుబిళ్లల అట్టే. అది మెదడులోకి గుచ్చుకోదు, పైన పరుచుకుని ఉంటుంది. తర్వాత కొన్ని రోజులు వార్డులో కెమెరా ముందు ఉంచి, మందులు తగ్గించి, ఫిట్ వచ్చేదాకా చూస్తారు. ఏ బిళ్ల కింద మొదలైందో అప్పుడు తెలుస్తుంది.

ఆ తర్వాత బాబుకు బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు. ఒక బిళ్లలోంచి కొద్దిగా కరెంటు పంపగానే, రోజూ చూసే నాగలి పేరు కూడా నోటికి రాదు. కరెంటు ఆపగానే వచ్చేస్తుంది. ఆ చోటును సర్జన్ వదిలేస్తారు. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే అడగమని మీరు తప్పకుండా చెప్పండి.

మాట పోయినవారికి మాట తెప్పించే పరిశోధనల్లోనూ ఇలాంటి రేకులే వాడుతున్నారు. స్ట్రోక్‌తో మాట పోయిన మహిళ మెదడు మీద 253 బిళ్లల రేకు అమర్చి, ఆమె మాట్లాడాలనుకున్నవాటిని నిమిషానికి 78 మాటల వేగంతో కంప్యూటర్‌తో అక్షరాల్లోకి మార్చామని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం 2023లో ప్రకటించింది.

ప్రమాదం అసలే లేదని చెప్పను. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, వాపు కొందరిలో వస్తాయి. చిన్న రంధ్రాలతో సన్నని తీగలు లోపలికి పంపే పద్ధతి సరిపోతుందేమో డాక్టరును అడగండి. అనుమానం తీరకపోతే నిమ్స్‌లోనో, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోనో రెండో అభిప్రాయం తీసుకోండి.

అప్పటిదాకా మాత్రలు మానొద్దు. ఫిట్ వస్తే చేతిలో తాళాలు పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకొకరు దగ్గరుంటే మొదటి నుంచీ ఫోన్‌లో వీడియో తీయమనండి. ముందు ఏ చెయ్యి కదిలిందో డాక్టరుకు అందులో కనిపిస్తుంది.