ఇంటెలా, ఏఎండీయా? ప్రాసెసర్ మన్నికను పోల్చి చూడడం ఎలా?

రామతీర్థంలో పిల్లల ఇంజనీరింగ్ చదువుకో, చిన్న నెట్ సెంటర్ పెట్టుకోవడానికో డెస్క్‌టాప్ కొనాలంటే నెల్లిమర్ల మీదుగా విజయనగరం వెళ్లాలి. కొట్టులో అడుగుపెట్టగానే వచ్చే ప్రశ్న, "ఇంటెల్ ఇమ్మంటారా, ఏఎండీ ఇమ్మంటారా?" ఏఎండీ వేడెక్కిపోతుందని ఒకరంటారు. ఇంటెల్ ఈమధ్య తొందరగా పాడైపోతోందని ఇంకొకరంటారు. రెండు మాటలకూ వెనక కొంత కథ ఉంది, కానీ రెండూ సగం మాటలే. ఆ పెట్టుబడి ఇంట్లోవాళ్ల చాన్నాళ్ల కష్టం కాబట్టి విన్నమాట మీద కాకుండా చూసుకున్నమాట మీద కొనాలి. అందుకు ఏడు మెట్లున్నాయి. కాగితం, పెన్ను, ఫోన్ దగ్గర పెట్టుకుంటే చాలు.

1. ఏం తెలుసుకోవాలో ముందు రాసుకోండి

ప్రాసెసర్ అంటే బల్ల కింద పెట్టే పెట్టె మొత్తం కాదు. ఆ పెట్టెలో మదర్‌బోర్డు మీద, ఫ్యాన్ కింద ఉండే చిన్న చదరపు చిప్పు. దాని వేగం వేరు, మన్నిక వేరు. మన్నిక కోసం మూడు ప్రశ్నలు వేసుకోండి. వారంటీ దాటాక కూడా పనిచేస్తుందా? చేసే లెక్క తప్పకుండా చేస్తుందా? మధ్యలో ఆగిపోకుండా, తనంతట తాను రీస్టార్ట్ కాకుండా నడుస్తుందా? ఈ మూడూ కాగితం మీద రాసి, పక్కన రెండు గడులు గీయండి. ఒకటి ఇంటెల్ మోడల్‌కు, రెండోది ఏఎండీ మోడల్‌కు.

2. బ్రాండు పేరు వదిలి మోడల్ నంబరు పట్టుకోండి

కొట్టువాళ్లు "ఐ5" అనో "రైజెన్ 5" అనో చెప్పి ఊరుకుంటే చాలదు. పూర్తి నంబరు రాయించుకోండి. కోర్ ఐ5-13400లో 13 అంటే పదమూడో తరం. రైజెన్ 5 5600జీలో 5600 అంటే 5000 సిరీస్, చివరి జీ అంటే గ్రాఫిక్స్ లోపలే ఉందని. ఇంటెల్ నంబరు చివర కె ఉంటే వేగం పెంచుకోవడానికి వీలైన చిప్పు, ఎఫ్ ఉంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోవాల్సిన చిప్పు.

నంబరు ఎందుకింత ముఖ్యమో 2024 చెబుతుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని లోపల క్రమంగా దెబ్బతిన్నాయి. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో, సెప్టెంబరులో మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాలు) సవరణలు విడుదల చేసి, ఆ మోడళ్ల వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఆ జాబితాలో ఐ9లు, ఐ7లు, 13600కె, 14600కె లాంటి కొన్ని ఐ5లు ఉన్నాయి. అవే తరాల ల్యాప్‌టాప్ చిప్పులకు ఈ జబ్బు లేదని కంపెనీ చెప్పింది. ఒకే బ్రాండు, ఒకే తరం. అయినా మోడల్ మారితే మన్నిక మారింది.

3. రెండు కంపెనీల పాత చిట్టా చూడండి

1968లో పుట్టిన ఇంటెల్, 1969లో పుట్టిన ఏఎండీ, రెంటికీ హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రాలున్నాయి. రెంటిలోనూ మన పిల్లలు పనిచేస్తున్నారు. తప్పులూ రెండు చోట్లా జరిగాయి.

1994లో ఇంటెల్ పెంటియమ్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని అమెరికాలో గణితం ప్రొఫెసర్ థామస్ నైస్లీ బయటపెట్టారు. అవసరమని నిరూపించుకున్నవాళ్లకే మారుస్తామని మొదట బిగుసుకున్న ఇంటెల్, విమర్శలు పెరిగాక డిసెంబరులో అడిగినవాళ్లందరికీ మార్చి ఇస్తానంది. అందుకు 47.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. 2007లో ఏఎండీ ఫినామ్ చిప్పులో మెమరీ చిరునామాలు చూసుకునే భాగంలో లోపం బయటపడింది. దానికి వేసిన తాత్కాలిక మందు వేగాన్ని తగ్గించింది. సరిచేసిన చిప్పు 2008లో వచ్చింది. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని మదర్‌బోర్డుల మీద కాలిపోతే, ఒక వోల్టేజీని 1.3 వోల్టులకు మించనీయకుండా ఏఎండీ బయోస్ (కంప్యూటర్ను మొదలుపెట్టే మదర్బోర్డు ప్రోగ్రాం) సవరణ ఇప్పించింది.

తప్పు జరగని కంపెనీ కోసం వెతికితే దొరకదు. ఒప్పుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది, సరిచేసిందా, డబ్బు తీసుకోకుండా మార్చి ఇచ్చిందా అన్నవి మీ గడుల్లో రాయండి.

4. లెక్కను లెక్కలా చదవండి

"నా దగ్గరికి రిపేరుకు వచ్చేవన్నీ ఇంటెల్లే" అని మెకానిక్ అంటే, ముందు అమ్ముడైనవి ఎన్నో అడగండి. ఒక కొట్టు వంద ఇంటెల్, ఇరవై ఏఎండీ అమ్మిందనుకుందాం. నాలుగు ఇంటెల్, ఒక ఏఎండీ తిరిగొస్తే ఇంటెల్ నూటికి నాలుగు, ఏఎండీ నూటికి ఐదు. నాలుగు రెట్లు అనిపించిన తేడా మాయమైంది. పైగా ఇరవైలో ఒకటి అన్నది మరీ చిన్న లెక్క. ఇంకొకటి చెడితే పదికి పెరుగుతుంది, ఒక్కటీ చెడకపోతే సున్నా అవుతుంది.

పెద్ద లెక్క ఒకటి 2011లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు 10 లక్షల ఇళ్ల కంప్యూటర్లను పరిశీలించారు. కంపెనీల పేర్లు చెప్పకుండా ఏ, బీ అన్నారు. వేగం పెంచకుండా వాడిన యంత్రాల్లో ప్రాసెసర్ వల్ల ఆగిపోయినవి ఒక కంపెనీలో 400కు ఒకటి, రెండో కంపెనీలో 390కు ఒకటి. అంటే దాదాపు సమానం. ఓవర్‌క్లాకింగ్ చేసి, నిర్ణయించిన వేగానికి మించి పరిగెత్తించినవాటిలో మాత్రం అవి 21కు ఒకటి, 86కు ఒకటి అయ్యాయి. ఆ చిప్పులు ఇప్పుడు పాతవి, కానీ పాఠం పాతబడలేదు. పేరు కన్నా వాడకమే ఎక్కువ తేడా తెచ్చింది. ఇంకో సంగతి కూడా తేలింది. ప్రాసెసర్ వల్ల ఒకసారి ఆగిపోయిన యంత్రం మళ్లీ ఆగిపోయే అవకాశం సుమారు మూడింట ఒకటి. అందుకే మొదటి హెచ్చరికనే పట్టించుకోవాలి.

5. మన ఇంటి కరెంటునూ ఎండనూ లెక్కలో వేయండి

ప్రాసెసర్ మీద పడే నిందల్లో చాలా భాగం వేరేవాటివి. లోవోల్టేజీ, పిడుగులు, నాసిరకం ఎస్ఎంపీఎస్ (పెట్టెలోని పవర్ సప్లై), సరిగా కూర్చోని ర్యామ్, దుమ్ము పట్టిన ఫ్యాన్, ఇవన్నీ రీస్టార్ట్‌లు తెప్పిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విజయనగరం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లెన్నో. తుఫాను రాకముందే ప్లగ్ పీకేయండి. కరెంటు తిరిగొచ్చి నిలకడపడేదాకా ఆగి పెట్టండి. యూపీఎస్ తప్పనిసరి. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

గది వేడి పెరిగినంత మేరకు చిప్పు వేడీ పెరుగుతుంది. డిసెంబరులో 25 డిగ్రీలున్న గది మే నెలలో 40కి చేరితే చిప్పు కూడా సుమారు 15 డిగ్రీలు పైకి పోతుంది. ఎవరైనా చల్లని గదిలో చేసిన పరీక్ష చూపిస్తే ఆ 15 కలుపుకుని చదవండి.

6. కొన్న వారంలోనే పరీక్ష పెట్టండి

మొదట మెమ్‌టెస్ట్86తో ర్యామ్ పరీక్షించండి. ర్యామ్ తప్పు తేలకుండా ప్రాసెసర్ మీద తీర్పు చెప్పకూడదు. తర్వాత ప్రైమ్95 పెట్టి గంటసేపు పని చేయించండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి చూడండి. చాలా డెస్క్‌టాప్ చిప్పుల హద్దు 95 నుంచి 100 డిగ్రీలు. ఆ హద్దు తగిలితే చిప్పు వేగం తగ్గించుకుంటుంది. అక్కడికే పదేపదే పోతుంటే కూలర్ సరిగా బిగించారో లేదో చూసుకోవాలి. ఇంటెల్‌కైతే కంపెనీ ఇచ్చే ప్రాసెసర్ డయాగ్నోస్టిక్ టూల్ కూడా నడపండి.

చివరగా విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ చిట్టాలో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ అన్న పేరు వెతకండి. అది కనిపిస్తే హార్డ్‌వేర్ తప్పు నమోదైందన్నమాట. కెర్నెల్-పవర్ 41 అని మాత్రమే ఉంటే కంగారు పడకండి. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని భావం, కరెంటు పోయినా అదే వస్తుంది. తెర మీది సందేశాన్ని కూడా వెంటనే నమ్మకూడదు. 2024లో దెబ్బతిన్న ఇంటెల్ చిప్పులు కొన్ని ఆటల్లో వీడియో మెమరీ చాలలేదని చూపించాయి, అసలు తప్పేమో ప్రాసెసర్‌ది.

7. వారంటీ కాగితం చేతిలో పట్టుకునే డబ్బు ఇవ్వండి

డబ్బాలో సీలుతో వచ్చే ప్రాసెసర్‌కు రెండు కంపెనీలూ సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తాయి. డబ్బా లేకుండా వచ్చే ట్రే చిప్పుకూ, కంపెనీ తయారుచేసిన కంప్యూటర్‌లో వచ్చే చిప్పుకూ బాధ్యత అమ్మినవాళ్లది. అందుకే డబ్బా మీది సీరియల్ నంబరు బిల్లులో రాయించండి, రెంటినీ ఫోటో తీసుకోండి. దగ్గరి సర్వీస్ సెంటర్ విజయనగరంలోనా, విశాఖలోనా అడగండి. కొన్న రోజునే కొట్టులో బయోస్ కొత్తది వేయించండి. 2023లోనూ 2024లోనూ చిప్పుల్ని కాపాడిన మందు దాని ద్వారానే వచ్చింది.

ఇప్పుడు మీ కాగితం చూడండి. ఒక మోడల్‌కు తెలిసిన జబ్బు ఉండి మందు పడకపోతే దాన్ని కొట్టేయండి. రెండు గడులూ సమానంగా ఉంటే ఇంటెలైనా ఏఎండీ అయినా నిస్సంకోచంగా కొనండి. రెంటిలో తక్కువ ధరది తీసుకుని, మిగిలిన డబ్బు మంచి ఎస్ఎంపీఎస్ మీద, యూపీఎస్ మీద పెట్టండి. మీ కంప్యూటర్ ఆయుష్షును పెంచేవి అవే.