హోపు దీవి: గోదావరి కట్టిన గోడ

నాలుగు దిక్కుల నీరు గల భూమియే ద్వీపమని మన బిడ్డలు బడిలో వల్లింతురు. అట్టి భూమి యెట్లు పుట్టునో కంటికి చూపదలచిన తల్లిదండ్రులు దూరము పోనక్కరలేదు. యానామునకు సమీపముననే, కాకినాడకెదురుగా హోపు దీవి కలదు.

గౌతమి సముద్రములోనికి మోసికొనిపోయిన ఇసుకను, ఒండ్రును తీరప్రవాహములు ఉత్తరముగా త్రోసి పేర్చగా, సుమారు రెండు శతాబ్దములలో ఈ తిన్నె యేర్పడినది. దీని పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. ఆకారము తోకకప్పను బోలును. తూర్పు అలల తాకిడిని తాను భరించి, ఇది కాకినాడ రేవునకు సహజమైన అడ్డుగోడయైనది.

దీవికి తూర్పున ఇసుక, పడమట బురద. ఆ బురదలో మడయడవి పెరుగును. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల ఇచ్చటి ముఖ్యవృక్షములు. బురదలో గాలి చాలదు గనుక మడచెట్టు కొన్ని వేళ్లను మేకులవలె పైకి నిలిపి యూపిరి పీల్చును. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టుపైననే మొలకెత్తి, పిదప బురదలోనికి జారును. ఈ వేళ్ల నడుమ రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. వానికై కొంగలు, నీటికుక్కలు, రాత్రివేళ బావురుపిల్లులు ఈ యడవుల సంచరించును. 1978లో ఈ ప్రాంతము కోరంగి అభయారణ్యముగా ప్రకటింపబడినది.

జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ ఇసుకయొడ్డు నెక్కి, గుంట త్రవ్వి, నూరు ప్రాంతము గ్రుడ్లుపెట్టి పూడ్చిపోవును. సుమారు ఏబది దినములకు పిల్లలు వెలువడి, నీటిపై మెరయు కాంతినిబట్టి సముద్రము చేరును. ఒడ్డున దీపము లున్నచో అవి దారి తప్పును. తాబేలు గాలి పీల్చు జీవి. వలలో చిక్కి పైకి రాలేనిచో నీటిలోనే ఊపిరాడక చచ్చును.

1839 నాటి తుఫానున కోరంగి రేవు ధ్వంసమైనది. 1996 నాటి తుఫాను యానాము పెద్దల కింకను జ్ఞాపకమే. అలల బలమును తగ్గించునది ఈ మడయడవియే. దానిని వంటచెరకునకును, చెరువులకును నరికినచో మన గోడను మనమే పడగొట్టుకొన్నట్లు. ఎగువ ఆనకట్టలలో ఒండ్రు నిలిచిపోయినకొలది దీవిని పెంచు మన్నును తగ్గును.

సెలవులలో బిడ్డలను కోరంగికి కొనిపొండు. మడ, తిల్ల, పొన్న యని చెట్టును చూపి పేరు చెప్పుడు. ఈ మాటలు పాఠ్యపుస్తకమున దొరకకపోవచ్చును, ఇంట వినవలసినవి. మన యూరి ప్రక్కన పారిన నీరే ఈ నేలను కట్టినదని తెలిసిన బిడ్డ, దానిని పాడుచేయుటకు వెనుదీయును.