కుర్చీ ఖాళీ అయ్యే రోజు ముందే తెలుసు

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. "మా శాఖాధిపతి వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. ఆ తర్వాత పై పోస్టుల్లోకి ఎవరెవరు రావాలో నోట్ తయారు చేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి మావయ్యా?" అని అడిగావు. సర్వీసులో చేరిన రెండో ఏడే ఈ పని నీ చేతికి రావడం నాకు సంతోషంగా ఉంది. చాలాచోట్ల ఇలాంటి నోట్ ఎవరూ అడగరు, ఎవరూ రాయరు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. వయసు నిబంధన మారకపోతే, సర్కారు ఉద్యోగి ఏ నెలాఖరున రిటైరవుతాడో అతను చేరిన రోజే తెలుస్తుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ ఉంటుంది, లెక్క కట్టుకోవడమే తరువాయి. అయినా ఆ సాయంత్రం శాలువా కప్పి, దండ వేసి పంపించాక, మర్నాడు పొద్దున "ఇప్పుడెవరు?" అని వెతుక్కుంటాం. దొరికిన వారికి పూర్తి అదనపు బాధ్యతలు (ఎఫ్‌ఏసీ) అప్పగిస్తాం. ఆ ఎఫ్‌ఏసీ ఆరు నెలలవుతుంది, ఏడాదవుతుంది.

దాని ఖరీదు నేను కళ్లారా చూశాను. ఒక కాలువ డివిజన్లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) గారు జూన్ 30న రిటైరయ్యారు. పక్క డివిజన్ ఈఈకి ఎఫ్‌ఏసీ ఇచ్చారు. బాధ్యతలు అప్పగించే ఛార్జ్ లిస్టులో బీరువాలు, తాళాలు, కొలతల పుస్తకాలు (ఎం-బుక్కులు), జీపు అన్నీ లెక్కకు సరిపోయాయి. జులైలో ఒక రాత్రి కుండపోత వాన. రెగ్యులేటర్ దగ్గర మూడో షట్టర్ సగానికి లేచి బిగుసుకుపోయింది. దాన్ని ఒక చుట్టు కిందికి దించి మళ్లీ ఎత్తితేనే పైకి వస్తుంది. ఆ కిటుకు తెలిసినవాళ్లు ఇద్దరే. రిటైరైన ఈఈ గారు ఒకరు, షట్టర్లు చూసుకునే, ఆ వారం సెలవులో ఉన్న ముసలి లస్కరు ఒకరు. తెల్లారేసరికి గట్టుకు గండి పడింది. వారం కిందట నాట్లు వేసిన పొలాల మీద ఇసుక మేట వేసింది. ఆ రైతుల ముందు నిలబడినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఛార్జ్ లిస్టులో రాయని ఆ ఒక్క వాక్యం కోసం వాళ్లు ఒక పంట పోగొట్టుకున్నారు.

ఇంకొకటి కూడా చూశాను. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఫిబ్రవరి 28 ఒక్కరోజే 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు ఇళ్లకు వెళ్లిపోయారు. నేను అప్పటికి కొత్తగా చేరినవాణ్ణి. నాకు పని నేర్పుతున్న పెద్దలంతా ఒకే సాయంత్రం లేచి వెళ్లిపోతే ఆఫీసు ఎలా ఉంటుందో ఆ మార్చి నెలలో తెలిసింది. ఆ వయసు తర్వాత మళ్లీ 58కి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. వయసు పెంచిన ప్రతిసారీ కింది మెట్టు మీదివాళ్లు అక్కడే ఆగిపోతారు. కాబట్టి నీ లెక్క ఒకసారి వేసి ఫైల్లో పెట్టేది కాదు, ఏటా తిరగరాయాల్సింది.

ఇక పనిలోకి దిగు. పెద్ద కాగితం తీసుకుని శాఖలో పై పది పోస్టులు రాయి. ఒక్కోదానికీ ఎదురుగా ఇప్పుడున్నవారి రిటైర్మెంట్ నెల, ఆ పోస్టుకు అర్హత ఉన్న ముగ్గురి పేర్లు, ఆ ముగ్గురి రిటైర్మెంట్ నెలలు రాయి. ఒక్కోసారి ఆ ముగ్గురూ ఏడాదిలోపే వెళ్లిపోయేవారని తేలుతుంది. అప్పుడు నువ్వు చూడాల్సింది ఆ కుర్చీని కాదు, దానికి రెండు మెట్లు కింద ఉన్నవాళ్లను.

తర్వాత అడ్డంకులు ఏరు. సీనియారిటీ జాబితా మీద అభ్యంతరాలున్నాయా, కోర్టు కేసుందా, ఎవరి మీదైనా ఛార్జ్ మెమో తేలకుండా ఏళ్ల తరబడి పడి ఉందా చూడు. మన పదోన్నతుల ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా. ఆ ఏడాదిలో రాబోయే ఖాళీలన్నీ ముందే లెక్కగట్టి శాఖాపరమైన పదోన్నతుల కమిటీ (డీపీసీ) ముందు పెట్టాలి. జాబితా తేలలేదని డీపీసీ ఆగితే ఎఫ్‌ఏసీ తప్పదు.

పోలీసు శాఖ విషయంలో సుప్రీంకోర్టు చెప్పినది నీకు మంచి పాఠం. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న తీర్పు ఇస్తూ, యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురిలోంచే డీజీపీని తీసుకోవాలని, కనీసం రెండేళ్లు ఉంచాలని చెప్పింది. 2018 జులైలో, పదవిలో ఉన్నవారు రిటైరవడానికి మూడు నెలల ముందే ప్రతిపాదన పంపాలని, తాత్కాలిక డీజీపీని పెట్టే ఆలోచనే చేయవద్దని ఆదేశించింది. ముందుగా మొదలుపెట్టడం, ముగ్గురిని చూడటం, వచ్చినవారికి పనిచేసే వ్యవధి ఇవ్వడం. ఈ మూడూ ఏ శాఖకైనా పనికొస్తాయి.

జాబితా రాసినంత మాత్రాన మనిషి తయారవడు. ఇస్రో చూడు. 1971 డిసెంబరు 30న దాన్ని నడిపిస్తున్న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా పోయారు. కొద్దికాలం ఎం.జి.కె. మీనన్ చూసుకున్నాక 1972లో సతీష్ ధావన్ వచ్చారు. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైతే విలేకరుల ముందు తానే నిలబడి బాధ్యత తీసుకున్నారు. 1980 జులైలో అది విజయవంతమైనప్పుడు మాట్లాడమని ప్రాజెక్టు డైరెక్టరు కలాంను పంపారు. ఈ సంగతి కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. ధావన్ తర్వాత వచ్చిన యు.ఆర్. రావు అప్పటికే ఆర్యభట్ట ఉపగ్రహ ప్రాజెక్టును నడిపించినవారు. ఆయన తర్వాతి కస్తూరిరంగన్ కూడా ఉపగ్రహ ప్రాజెక్టుల్లో పండినవారే. పెద్ద కుర్చీలోకి రాకముందే పెద్ద బరువు మోసినవాళ్లన్నమాట.

మీ శాఖలోనూ అలా చేయవచ్చు. శాఖాధిపతి పదిహేను రోజులు సెలవు పెడితే, రోజువారీ సంతకాలే కాదు, నిర్ణయాలు కూడా తర్వాతి వారిని చేయనివ్వాలి. బడ్జెట్ సమావేశానికి, శాసనసభ ప్రశ్నల జవాబులకు ఒకసారి ఒకరిని, మరోసారి ఇంకొకరిని వెంట తీసుకెళ్లాలి. వెళ్లిపోయేవారు ఆఖరి మూడు నెలల్లో ఒక నోటుబుక్కు రాయాలి. ఏ పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏ మాట ఎవరికిచ్చాం, ఏ షట్టర్ బిగుసుకుంటుంది, అన్నీ అందులో ఉండాలి.

ఒక్క హెచ్చరిక. ఈ పనిలో ఉండగా నీ దగ్గరికి "మనవాడే, కాస్త చూడు" అంటూ వస్తారు. ఆస్తికి వారసులుంటారు గానీ ప్రభుత్వ పదవికి ఉండరు. ఎవరి పేరూ ముందే ఖాయం చేయకు. అర్హులందరికీ ఒకే కొలత పెట్టు. వార్షిక నివేదికల్లో అందరికీ 'వెరీ గుడ్' అని రాసేసి ఉంటే, ఎవరేం చేశారో పనుల్లోకి వెళ్లి చూడు. పక్కకు పెట్టిన పేరుకు కారణం రాయి. ఆ కారణం ఆ మనిషి ముందు కూర్చుని చెప్పగలిగేదై ఉండాలి.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే సర్వీసు రిజిస్టర్లు తెప్పించుకుని ఆ కాగితం మొదలుపెట్టు తల్లీ. అట్టడుగు వరుసలో నీ పేరు కూడా రాసుకో. నీ రిటైర్మెంట్ తేదీ కూడా ఇప్పటికే తేలిపోయి ఉంది.

ఇట్లు,
మీ మావయ్య