బదరీయాత్రకు వస్త్రసన్నాహము

శ్రీవైష్ణవులు సేవింపదగిన 108 దివ్యదేశములలో హిమగిరుల నడుమ, అలకనందాతీరమున వెలసిన క్షేత్రము శ్రీబదరికాశ్రమము. పెరియాళ్వారును, తిరుమంగై ఆళ్వారును దీనిని తమ పాశురములలో కీర్తించిరి. ఈ ఆలయము ఏడాదిలో సుమారు ఆరు నెలలు మాత్రమే తెరచియుండును. వసంతపంచమినాడు ముహూర్తము నిశ్చయించి, వైశాఖమాసమున అక్షయతృతీయకు అటునిటుగా ద్వారములు తెరతురు. మూయుటకు విజయదశమినాడు ముహూర్తము పెట్టి, సాధారణముగా నవంబరు నెలలో మూయుదురు.

పెద్దకడుబూరు ప్రాంతపు యాత్రికునకు చిక్కు ఇక్కడనే మొదలగుచున్నది. వైశాఖమనగా ఆదోని, ఎమ్మిగనూరు సీమలో ఎండ 40 డిగ్రీలు దాటు కాలము. నల్లరేగడి నేల నెరియలు విచ్చియుండును. ఒంటినిండ చెమట కారుచుండగా పెట్టె తెరచి, అందులో రెండు స్వెటర్లు పెట్టుకొమ్మనిన ఎవరికిని మనసొప్పదు. "వేసవిలోనే గదా పోవుచున్నాము, ఒక్క శాలువ చాలదా" అందురు. చలియనునది ఎండలో కూర్చుండి ఊహించుకొనుటకు వీలుకాని వస్తువు. అందుచేత దానిని లెక్కతో తెలిసికొనుటయే మేలు.

ఆదోని పట్టణము సముద్రమట్టమునకు సుమారు 435 మీటర్ల ఎత్తున నున్నది. బదరీనాథము ఎత్తు సుమారు 3,100 మీటర్లు. వేయి మీటర్లు పైకి పోయినకొలది గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడును. దీనికి తోడు మంచుకొండల మీదుగా వీచు గాలి. వైశాఖమునందైనను అక్కడ రాత్రివేళ వేడిమి సున్నకు చేరువగా దిగుట సామాన్యము. ద్వారములు తెరచిన తొలిదినములలో మంచు కురియుటయు కలదు. గాలి పలుచన కూడ. సముద్రతీరమున నుండు వాయుపీడనములో పదింట ఏడుపాళ్లు మాత్రమే అచ్చట నుండును. నాలుగు మెట్లెక్కిన ఆయాసము వచ్చుట అందువలననే.

తిరుమంగై ఆళ్వారు బదరిని గూర్చి పాడిన సందర్భమున ఒక విశేషమున్నది. వార్ధక్యముచే నడుము వంగి, కఱ్ఱ ఊతగొని, దగ్గుచు నడుచు దశ రాకమునుపే బదరిని సేవింపుడని ఆయన హెచ్చరించెను. మన యిండ్లలో జరుగునది దీనికి సరిగా వ్యతిరేకము. పిల్లల పెండ్లిండ్లు కావలెను, ఉద్యోగము ముగియవలెను, పొలము కౌలుకిచ్చుటకు తీరిక చిక్కవలెను. అప్పుడుగాని బదరి తలపునకు రాదు. ఆళ్వారు మాట మనము వినకపోతిమి గనుక, కట్టవలసిన మూట వృద్ధశరీరమునకు తగినదై యుండవలెను. వయసు మీరిన దేహము చలిని ఆలస్యముగా గుర్తించును. వణకి వేడి పుట్టించుకొను శక్తియు దానికి తగ్గియుండును. పడుచువారికి చాలిన బట్ట పెద్దలకు చాలదు.

మన ప్రాంతము ప్రత్తికి పుట్టినిల్లు. ఆదోని ప్రత్తి వ్యాపారము నెరుగనివారు లేరు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘము ఈ ఊరి నేతకు దేశమంతట పేరు తెచ్చినది. ఒంటికి ప్రత్తిబట్ట తప్ప మరొకటి సోకనివారము మనము. ప్రత్తి చెమటను పీల్చి చల్లదనమిచ్చును. మన ఎండలలో అది వరము. చలిదేశమున ఆ గుణమే దోషమగును. తడిసిన ప్రత్తి తడిని విడువదు. ఒంటినంటుకొని దేహపు వేడిమిని లాగివేయును. ఉన్ని అట్లు కాదు. దాని వంకరపోగుల నడుమ గాలి నిలిచియుండి, వేడిని బయటికి పోనీయదు. కొంత తడిసినను ఉన్ని కొంత వెచ్చదనము నిలుపుకొనును. మన కురువ సోదరులు నల్లగొంగళి కప్పుకొని, వానలో గొఱ్ఱెల వెంట నిలువగలుగుట ఈ గుణముచేతనే.

ఇచ్చట పెద్దముత్తైదువలు ఒక అడ్డు చెప్పుదురు. అంగడిలో కొన్న స్వెటరు మైల గదా, దానితో దర్శనమెట్లు? తీర్థమున తడిబట్టతోనే స్వామిని సేవింపవలదా? ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. ఏబది ఏండ్లు మడి పాటించినవారు దానిని విడిచి యాత్ర చేయుటకంటె చలిలో వణకుటయే మేలనుకొందురు, అట్లనుకొని జబ్బుపడుదురు. ఐతే వారి యింటి ఆచారమే వారికి సమాధానము చెప్పగలదు. మడికి తడిబట్ట ఆరనప్పుడు మన యిండ్లలో కట్టినదేమి? పట్టుబట్ట, లేనిచో ధావళి. ధావళియనగా ఉన్నిబట్టయే గదా. ప్రత్తికి ఉదికిన శుద్ధి కావలెను. పట్టునకును ఉన్నికిని ఆ నిర్బంధము లేదని పెద్దలు ఆచరించుచు వచ్చిరి. కావున ఉన్ని మనకు క్రొత్తగా వచ్చిన విదేశపు వేషము కాదు. మడికొఱకు వేరుగా ఒక ఉన్నిశాలువను, ఒక ఉన్ని రవికెనో చొక్కానో ప్రత్యేకించి మూటగట్టి ఉంచుకొనినచో ఆచారమును నిలుచును, ప్రాణమును నిలుచును. బదరిలో పురుషులు చొక్కా విప్పి లోనికి పోవలెనను నియమము లేదు. ఉన్నిదుస్తులతోనే అందఱును సేవించుచుందురు.

స్వామియే అచ్చట కంబళి కప్పుకొనును. ద్వారములు మూయు దినమున మాణా గ్రామపు స్త్రీలు నేసిన ఉన్ని కంబళిని నేతితో తడిపి బదరీనారాయణునకు కప్పుదురు. దీనిని ఘృతకంబళమందురు. ఆరునెలలు మంచులో ఆ కంబళియే స్వామికి ఉడుపు. తిరిగి ద్వారములు తెరచినప్పుడు దానిని తీసి, పోగులను భక్తులకు ప్రసాదముగా పంచుదురు. ప్రధానార్చకుడైన రావల్ కేరళదేశపు నంబూద్రి బ్రాహ్మణుడు. ఆయనయు మనవలె వెచ్చనినేల విడిచి పోయినవాడే. ఉన్ని కట్టియే కైంకర్యము సాగించుచున్నాడు.

ఇక పెట్టెలో నుంచవలసినవి. దళసరి కోటు ఒక్కటికంటె పలుచని ఉన్నిబట్టలు రెండు మూడు మేలు; వాని నడుమ నిలుచు గాలియే చలికి గోడ. ఒంటినంటి ఉండు ఉన్నిబనీను, దానిపై స్వెటరు, అన్నిటిపైన గాలివానలకు ఆగు కోటు. పంచె కట్టువారు లోపల ఉన్నిలాగు తప్పక తొడుగవలెను. చీర కట్టువారును అంతే, కుచ్చెళ్ల క్రింద ఎవరికి కనబడును? చెవులు మూయు కోతిటోపి చూచుటకు నవ్వు పుట్టించినను దానికి సాటి లేదు. ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు కావలెను. చెప్పులు విడిచి చల్లని రాళ్లపై వరుసలో నిలుచునది పాదములే గదా.

మూట కట్టు క్రమములో ఒక పొరపాటు తఱచుగా జరుగుచుండును. ఊరిలో అక్కఱలేదని ఉన్నిబట్టలను పెట్టె అడుగున సర్దుదురు. ఆ పెట్టె ఋషీకేశమున బస్సు పైకప్పు మీదికెక్కి, టార్పాలిన్ క్రింద త్రాళ్లతో బిగింపబడును. జోషీమఠము దాటి పైకెక్కుచుండగా చలిగాలి కొట్టును. బట్టలు మాత్రము నెత్తిమీద బంధింపబడియుండును. ఒక స్వెటరు, టోపి, మేజోళ్లు, నిత్యము వాడు మందులు చేతిసంచిలోనే ఉండవలెను. ఇన్సులిన్ వాడువారు దానిని ఒంటికి దగ్గరగా లోపలిజేబులో ఉంచుకొందురు గాక. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

తప్తకుండమునందలి నీరు సుమారు 45 డిగ్రీల వేడిగలది. స్నానము సుఖముగానే జరుగును. ప్రమాదము గట్టెక్కిన తరువాత. వేడిచే తెరచుకొన్న ఒంటికి తడిబట్టయు, మంచుగాలియు ఒక్కసారిగా తగులును. మన ఎమ్మిగనూరు తువాళ్లకు అచ్చట పని ఉన్నది: రెండు తువాళ్లు, ఒకటి తడి తుడుచుకొనుటకు, రెండవది పొడిగా తలకు చుట్టుకొనుటకు. తడిబట్ట తక్షణము విప్పి ధావళియో, శాలువయో కట్టవలెను.

వంట చేసికొనువారికి ఒక మాట. అంత ఎత్తున నీరు సుమారు 90 డిగ్రీలకే మరగును; కందిపప్పు ఎంతసేపటికిని ఉడకదు. ప్రెషర్ కుక్కరు లేనిచో బొరుగులు, సజ్జరొట్టెలు, పొడులతో కాలక్షేపము చేయుటయే సుఖము. కొబ్బరినూనె సీసాలో రాయియగును. దీపమునకు నువ్వులనూనె పట్టుకొనిపోవలెను.

బట్టలు చలిని ఆపునుగాని పలుచని గాలిని ఆపజాలవు. పీపల్‌కోటియందో జోషీమఠముననో ఒక రాత్రి విశ్రమించి, మరునాడు పైకి పోవుట మంచిది. తలనొప్పి, వాంతి, కూర్చున్నను తగ్గని ఆయాసము కనిపించినచో దర్శనము కాలేదని చింతింపక వెంటనే క్రిందికి దిగవలెను. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు బయలుదేరకముందే వైద్యుని అడుగవలెను. ఉత్తరాఖండ ప్రభుత్వము యాత్రికులు ముందుగా పేరు నమోదు చేసికొనవలెనని నియమించినది.

కొనుట ఎప్పుడు? వైశాఖములో ఆదోని అంగళ్లలో ఉన్నిబట్ట వెదకిన దొరకుట కష్టము. మార్గశిర పుష్యమాసములలోనే, చలిగాలి ఉన్నప్పుడే, కొని ఉంచవలెను. ప్రతి కుటుంబమును క్రొత్తగా కొననక్కఱలేదు. నిరుడు పోయివచ్చినవారి యింట అవి పెట్టెలోనే పడియుండును, అడిగిన ఇత్తురు. తిరిగివచ్చిన తరువాత కుంకుడురసముతో చల్లనీట ఉదికి, నీడన ఆరవేసి, ఎండిన వేపాకు మడతలలో నుంచినచో పురుగు పట్టదు. మరుసటి ఏడు బయలుదేరు పొరుగువారికి చక్కగా ఉపయోగపడును.