పాత గేమ్ బాయ్ కొనేముందు తెలుసుకోవాల్సినవి

మనలో చాలామందికి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ అంటే ఎగ్జిబిషన్‌లో కొన్న బ్రిక్ గేమే. డబ్బా మీద ‘9999 ఇన్ 1’ అని ఉంటుంది. ఆడి చూస్తే ఉన్నవి కొన్నే, మిగతావన్నీ స్పీడు, లెవెల్ మార్చిన అవే ఆటలు. అసలైన గేమ్ బాయ్‌లు, పీఎస్పీలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి కదా, కొనొచ్చా అని క్లాసులో నన్ను తరచూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా.

ముందు కొంచెం హిస్టరీ. నింటెండో గేమ్ బాయ్ 1989లో వచ్చింది. దాని వెనక ఉన్న ఇంజనీరు గున్‌పే యొకోయి. ఆయన సిద్ధాంతం సింపుల్: బాగా పాతబడి, చవకైపోయి, లోపాలన్నీ అందరికీ తెలిసిపోయిన టెక్నాలజీని తీసుకుని కొత్త పనికి వాడు. అందుకే గేమ్ బాయ్ స్క్రీన్‌కి రంగుల్లేవు, వెనక లైటూ లేదు. నాలుగే నాలుగు షేడ్‌లు. 1990లో సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చింది. కలర్ స్క్రీన్, లోపల లైటు, చూడ్డానికి సూపర్. కానీ ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే నాలుగైదు గంటలకే అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో సుమారు 15 గంటలు నడిచేది. ఎవరు గెలిచారో వేరే చెప్పక్కర్లేదు. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

మనం కొనేటప్పుడు కూడా ఇదే సూత్రం పెట్టుకోవాలి. షోకుగా ఉన్నది కాదు, పాడైతే బాగు చేసుకోగలిగింది కొనాలి. గేమ్ గేర్‌లో కెపాసిటర్లు కారిపోవడం మామూలు. అవి మార్చకపోతే సౌండ్ పోతుంది, స్క్రీన్ మసకబారుతుంది. మొదటిసారి కొనేవాళ్లకి అది వద్దు. గేమ్ బాయ్ అడ్వాన్స్ (2001), దాని మడత మోడల్ ఎస్పీ (2003), లేదంటే సోనీ పీఎస్పీ మంచివి. పీఎస్పీని సోనీ మన దేశంలోనే అమ్మింది కాబట్టి ఎవరో ఒకరి అల్మారాలో ఉండే అవకాశం ఎక్కువ. ముందు చుట్టాలని అడగండి, తర్వాత ఆన్‌లైన్‌లో వెతకండి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కూడా లెక్కలో వేసుకోండి.

చేతికొచ్చాక చూడాల్సినవి ఇవి.

మొదటిది, సెల్స్ పెట్టే చోటు. మూత తీసి చూస్తే తెల్లగానో పచ్చగానో పొడి కనిపిస్తే సెల్స్ కారాయని అర్థం. కొంచెమే అయితే ఇయర్ బడ్‌ని వెనిగర్‌లో ముంచి తుడిస్తే పోతుంది. బోర్డు దాకా పాకితే మాత్రం వదిలేయండి.

రెండోది, బ్యాటరీ. పీఎస్పీ వెనక మూత ఉబ్బినట్టుంటే లోపల లిథియం బ్యాటరీ ఉబ్బింది. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ అస్సలు పెట్టొద్దు. తీసి ఈ-వేస్ట్‌కి ఇచ్చేసి కొత్తది వేసుకోండి.

మూడోది, ఛార్జర్. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మన సాకెట్‌లో 230. అక్కడి ఎస్పీ ఛార్జర్‌ని ఇక్కడ నేరుగా గుచ్చితే కాలిపోతుంది. ఎస్పీకి యూఎస్‌బీ కేబుల్ దొరుకుతుంది, అది కొనుక్కోండి.

నాలుగోది, నకిలీ కార్ట్రిడ్జ్‌లు. పోకెమాన్ గేమ్‌లకి ఇవి ఎక్కువ. ఆట బాగానే నడుస్తుంది, వారం తర్వాత సేవ్ మాయమవుతుంది. అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ అయితే అడుగున బంగారు రంగు పిన్నుల పైన బోర్డు మీద చిన్న అక్షరాల్లో నింటెండో పేరు ఉందో లేదో ఫొటో అడిగి చూడండి.

ఐదోది మనలాంటి సీఎస్ఈ వాళ్లకి నచ్చేది. గేమ్ బాయ్ ఆన్ చేయగానే పైనుంచి నింటెండో లోగో దిగుతుంది కదా, ఆ లోగో బొమ్మ మెషీన్‌ది కాదు, కార్ట్రిడ్జ్ నుంచి చదివింది. 48 బైట్లు. మెషీన్ తన దగ్గరున్న కాపీతో దాన్ని పోల్చి చూస్తుంది, తేడా వస్తే అక్కడే ఆగిపోతుంది. అందుకే లోగో బదులు నల్ల డబ్బా దిగితే మెషీన్ చచ్చిపోయిందని కంగారు పడొద్దు. చాలాసార్లు పిన్నులకి మురికి పట్టి ఉంటుంది. ఇయర్ బడ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. నోటితో ఊదకండి, తడి తగిలి తుప్పు పడుతుంది.

ఇదంతా ఎందుకు, ఫోన్‌లో ఎమ్యులేటర్ ఉందిగా అంటారా? కేవలం ఆట చాలనుకుంటే అది చాలు, డబ్బులు మిగులుతాయి. కానీ అసలు మెషీన్‌లో నోటిఫికేషన్ రాదు, యాడ్ రాదు. ఇంకో సంగతి, టెట్రిస్ మొత్తం 32 కేబీ. మనం పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అంతకంటే పెద్దది. గేమ్ బాయ్‌కి ఉన్న వర్కింగ్ మెమరీ 8 కేబీ. స్క్రీన్ మొత్తాన్ని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒకే గడి బొమ్మని పదిచోట్ల వాడి సర్దారు. ఒక చెట్టు గీస్తే అడవి అయిపోతుంది. ఇది తెలిసి ఆడితే ప్రతి స్క్రీనూ ఒక పాఠమే.

చివరగా సేవ్ గురించి. పాత కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి లోపల బొత్తాం సెల్ ఉంటుంది. అది ఉన్నంతవరకే సేవ్ ఉంటుంది. నేను కొన్న పోకెమాన్ రెడ్‌లో ఎవరిదో ఆట ఇంకా బతికే ఉంది: ఏడు బ్యాడ్జ్‌లు, 61 గంటలు. అమ్మినతన్ని అడిగితే పాత సామాన్ల లాట్‌లో వచ్చింది, ఎవరిదో తెలీదన్నాడు. అందులో సేవ్‌కి ఒక్కటే చోటు. నేను కొత్తాట మొదలుపెట్టి సేవ్ చేస్తే ఆ 61 గంటలు పోతాయి. ముట్టుకోకుండా దాచినా సెల్ అయిపోయిన రోజు అవే పోతాయి. అందుకని సీనియర్ అన్న దగ్గర కార్ట్రిడ్జ్ రీడర్ తీసుకుని ముందు ఆ సేవ్‌ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశా. సరిగ్గా 32 కేబీ. ఆ తర్వాతే ఈసీఈ ఫ్రెండ్ పాత సెల్ ఊడదీసి కొత్తది సోల్డర్ చేశాడు. ఇప్పుడు అందులో నా ఆట నడుస్తోంది. ఆ అబ్బాయో అమ్మాయో ఎనిమిదో బ్యాడ్జ్ దగ్గర ఎందుకు ఆపేశారో నాకెప్పటికీ తెలీదు. ఎప్పుడైనా వచ్చి అడిగితే మాత్రం ఆపిన చోటు నుంచే ఆడొచ్చు.

మీరు కూడా కొన్నాక కొత్తాట నొక్కే ముందు ఒక్కసారి ‘కంటిన్యూ’ నొక్కి చూడండి.