బతకడానికి ఎన్ని సూత్రాలు కావాలి?

సందేహాలు – సమాధానాలు

మంచి బతుకు అంటే ఏమిటి, దానికి ఏ నియమం పట్టుకోవాలి అంటూ పల్నాడు పాఠకుల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరికీ తెలిసిందేదో తనకొక్కరికే తెలియలేదేమో అన్న భయం దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంది. కొన్నిటికి మానసిక వైద్య నిపుణుల సమాధానాలివి. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. కాలేజీలో రాసుకురమ్మన్నారని మా అబ్బాయి ‘నాన్నా, నీ జీవిత సిద్ధాంతం ఏంటి?’ అని అడిగాడు. నోట ఒక్క మాట రాలేదు. ఇన్నేళ్లూ దారీ తెన్నూ లేకుండా బతికేశానా అని దిగులు పట్టుకుంది.
– ఒక తండ్రి, మాచర్ల

జవాబు: కంగారు పడకండి. సిద్ధాంతం లేకపోవడం వేరు, అడగ్గానే చెప్పలేకపోవడం వేరు. రోజూ నడిచే మనిషిని ముందు ఏ కాలు వేస్తావని అడిగితే తడబడతాడు కదా. ఈ రాత్రి అన్నాలు తిన్నాక అబ్బాయికి మూడు సంగతులు చెప్పండి: డబ్బు వస్తుందన్నా మీరు ముట్టని పని ఏది, ఒంట్లో ఓపిక లేకపోయినా మానని పని ఏది, ఎవరికిచ్చిన మాట ఇంతవరకు తప్పలేదు. అతను రాసుకెళ్లాల్సింది అదే. ఇలాంటి దిగులు నాలుగైదు రోజుల్లో పలచబడటం సహజం; రెండు వారాలు దాటినా తిండి సయించక, పనిలో మనసు నిలవకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మాది పిడుగురాళ్ల. గుంటూరు హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రీల్స్ చూసి 20 నియమాలు రాసి గోడకు అంటించాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, చన్నీళ్లు పోసుకోవాలి, ఫోను ముట్టకూడదు, ఎవరి మీదా కోప్పడకూడదు... మూడో రోజుకే అన్నీ తప్పుతున్నాయి. నేను దేనికీ పనికిరానా?
– ఒక విద్యార్థి

జవాబు: ఇరవై నియమాలు మూడు రోజులు నెట్టుకొచ్చారంటే మీకు పట్టుదల బాగానే ఉంది, నెత్తినెత్తుకున్న బరువే ఎక్కువైంది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇలాగే 13 మంచి గుణాలు నోటుబుక్కులో రాసుకుని, తప్పినప్పుడల్లా ఒక చుక్క పెట్టుకునేవాడు. ఆయన కూడా వారానికి ఒక్క గుణం మీదే దృష్టి పెట్టాడు, అయినా తాను అనుకున్నంత మచ్చలేని మనిషిని కాలేకపోయానని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. గోడ మీద ఈ నెలకు ఒక్కటే ఉంచండి. నిద్ర మాత్రం ఏడెనిమిది గంటలకు తగ్గనివ్వొద్దు. నియమం తప్పినందుకు తిండి మానేయడం, మిమ్మల్ని మీరే గాయపరుచుకోవడం మొదలైతే ఆలస్యం చేయకుండా ఇంట్లో చెప్పండి.

ప్రశ్న: మాచర్లలో బట్టల కొట్టు నడుపుతున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే ఆ రోజంతా గాల్లో తేలతాను. ఎవరైనా ఒక మాట అంటే వారం రోజులు నిద్ర పట్టదు. నలుగురూ ఏమనుకుంటారో అన్నదాని మీదే నా బతుకు నడుస్తోంది. బయటపడే దారి ఉందా?
– ఒక వ్యాపారి

జవాబు: ఉందండీ, రాజులకు కూడా అవసరపడ్డ దారే అది. మీకు దగ్గర్లోని నాగార్జునకొండకు ఏ ఆచార్యుడి పేరుందో, ఆ నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు స్నేహితుడిగా రాసిన ఉత్తరమే ‘సుహృల్లేఖ’. లాభనష్టాలు, సుఖదుఃఖాలు, కీర్తి అపకీర్తులు, పొగడ్త తెగడ్తలు అనే ఎనిమిదింటినీ సమంగా చూడమని అందులో చెప్పాడు. సింహాసనం మీద కూర్చున్నవాడికే ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, కొట్లో కూర్చున్న మీకు మాట గుచ్చుకోవడంలో వింతేముంది? మాట పడ్డ రోజు రాత్రి ఒక కాగితం మీద రెండే రాయండి: అందులో నిజమెంత, దానికి రేపు చేయాల్సిందేమిటి. రెండు మూడు రోజులు బాధపడటం మామూలే. జనాన్ని చూస్తే భయమేసి కొట్టు తెరవలేకపోతుంటే, పెళ్లీ పేరంటాలు తప్పించుకుంటుంటే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు, చికిత్సతో తగ్గుతుంది.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, టీచర్ని. ఇంట్లో అత్తమామలు, ఇద్దరు పిల్లలు. పదిమందికి పెట్టడమే పుణ్యమని మా అమ్మ నేర్పింది. ఆదివారం ఒక్క గంట తలుపు వేసుకుని పుస్తకం పట్టుకుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు గుండె దడదడలాడుతుంది.
– ఒక టీచర్, నరసరావుపేట

జవాబు: అమ్మ నేర్పింది మంచి మాటేనమ్మా, ఆ పదిమందిలో మిమ్మల్ని కూడా లెక్కేసుకోండి. ఏళ్ల తరబడి అలవాటైన తీరు మారినప్పుడు మొదట్లో తప్పు చేసినట్టు అనిపించడం సహజం. ‘నాలుగు నుంచి ఐదు దాకా చదువుకుంటాను’ అని ఇంట్లో అందరికీ ముందే చెప్పి, ప్రతివారం అదే వేళకు కూర్చోండి. కొన్ని వారాలకు ఇంటికీ అలవాటవుతుంది, మీకూ అలవాటవుతుంది. పుస్తకంతో పనిలేకుండా ఊరికే దడ వస్తుంటే మాత్రం ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి.

ప్రశ్న: గట్టు తగాదాలో మా బాబాయి వాళ్లతో ఏళ్ల తరబడి మాటల్లేవు. మొన్న వాళ్లే వచ్చి కూతురి పెళ్లి శుభలేఖ ఇచ్చి వెళ్లారు. వెళ్లాలనే ఉంది. ‘పల్నాటోడివై ఉండి తల వంచుతావా’ అని స్నేహితులు ఎగదోస్తున్నారు. వెళ్తే రోషం లేనివాణ్ణి అయిపోతానా?
– ఒక రైతు, కారంపూడి మండలం

జవాబు: అవరు. గడప తొక్కి పిలిచినవాళ్లింటికి వెళ్లడం తల వంచడం కాదు, మీకు వెళ్లాలని ఉండటం మంచి లక్షణమే. రోషం ఎక్కడిదాకా తీసుకెళ్తుందో మీ ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు: గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవుడు సవతి అన్నదమ్ములు, కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరు వదిలారు, చివరికి పల్నాటి యుద్ధంలో మీ నాగులేటి ఒడ్డునే రెండువైపులా వీరులు నేలకూలారు. అయితే కార్తీక అమావాస్యకు మొదలయ్యే మీ వీరుల తిరునాళ్లలో కోడిపోరుతో పాటు చాపకూడు కూడా జరుపుతారు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడనే మాచర్ల మంత్రి బ్రహ్మనాయుణ్ణి ఇప్పటికీ తలుచుకుంటారు. వీరుడన్న పేరు ఆయనకు దానివల్ల తగ్గలేదు. పెళ్లికి వెళ్లండి, అక్షింతలు వేసి, బంతిలో కూర్చుని భోంచేసి రండి. గట్టు మాట ఆ రోజు ఎత్తొద్దు, అది తర్వాత సర్వేయరు తేలుస్తాడు. ఇన్నేళ్ల కోపం ఒక్క పూటలో పోకపోయినా పర్లేదు. రాత్రుళ్లు అవే మాటలు తిరిగి తిరిగి గుర్తొచ్చి మందు మీదికి పోతున్నా, చేయి చేసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నా అప్పుడు సాయం తీసుకోండి.

ప్రశ్న: మాది వినుకొండ దగ్గర పల్లె. చదువుకుని ఉద్యోగం చేస్తున్నాను. సెలవుకు ఊరెళితే టీ బంకు దగ్గర ఒక పెద్దమనిషి కులం ఎత్తి మాట అన్నాడు. క్షమించడమే గొప్ప గుణం అంటుంది మా అమ్మ. నాకు చేతకావడం లేదు. నేను చెడ్డవాడినా?
– ఒక యువకుడు

జవాబు: కానే కాదు. అలాంటి మాటకు కోపం రావడం మీ మనసు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. 1895లో మీ వినుకొండలోనే పుట్టిన గుర్రం జాషువా అవమానాలను దిగమింగి ఊరుకోలేదు, 1941లో ‘గబ్బిలం’ కావ్యం రాసి సమాజాన్ని నిలదీశారు. క్షమ మీరు ఇవ్వాలనుకున్నప్పుడు ఇచ్చేది, ఎవరూ అడిగి వసూలు చేసుకునేది కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, ఫిర్యాదు చేయడం కక్ష కిందికి రాదు. ఊరికి వెళ్లాలంటేనే చెమటలు పడుతున్నా, నిద్రలో ఆ మాటలే వినిపిస్తున్నా కౌన్సెలర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. దేవుడి మీద నమ్మకం పోయింది. ‘నమ్మకం లేనివాళ్లకు నీతి ఎక్కడిదే’ అంటుంది నానమ్మ. నేను నిజంగానే దారి తప్పుతానా అని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, చిలకలూరిపేట

జవాబు: దారి తప్పుతానేమో అని భయపడుతున్నారంటేనే మీకు దారి మీద గౌరవం ఉంది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. అంటరానితనం పోవాలని సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు చేయించారు. దేవుణ్ణి నమ్మిన గాంధీజీకి, నమ్మని గోరాకు మధ్య స్నేహం కూడా కుదిరింది. నానమ్మను వాదించి గెలవాల్సిన పనిలేదు, ఆమె దీపం పెట్టుకునే వేళకు అగ్గిపెట్టె అందించండి చాలు. నమ్మకంతో పాటు చదువు మీద, స్నేహితుల మీద కూడా మనసు పోతుంటేనే ఆలోచించాలి.

ప్రశ్న: అబద్ధం ఆడకూడదన్నది నా నియమం. రోజూ పడుకునే ముందు పొద్దుట్నుంచి మాట్లాడినవన్నీ గుర్తు చేసుకుని, ఎక్కడైనా అబద్ధం దొర్లిందా అని వెతుకుతాను. అనుమానం వస్తే ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను. దీనికే రెండు గంటలు పడుతోంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారు.
– ఒక ఉద్యోగి, సత్తెనపల్లి

జవాబు: ముందు ఒక మాట: మీరు అబద్ధాలకోరు కాదు, మీకు పిచ్చీ లేదు. నూటికి నూరుపాళ్లూ ఖాయం చేసుకుంటే తప్ప మనసు ఊరుకోని ఈ స్థితి ఓసీడీ లక్షణంలా ఉంది. కొందరు చేతులు పదేపదే కడిగినట్టు, మీరు మాటల్ని కడుగుతున్నారు. పగలు ఏదైనా తప్పు చేస్తే రాత్రి ఒకసారి తలుచుకోవడం అందరికీ ఉన్నదే. అదే రోజుకు గంటకు మించి తినేస్తుంటే సైకియాట్రిస్టును కలవాల్సిందే; మందులతో, ప్రత్యేకమైన థెరపీతో ఇది బాగా తగ్గుతుంది, మీ నిజాయితీ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: మాది కోటప్పకొండ దగ్గర ఊరు. 70 ఏళ్లున్నాయి. ఆయన పోయి రెండేళ్లు. పిల్లలు అమెరికాలో ఒకరు, హైదరాబాదులో ఒకరు. చావాలని లేదు గానీ, ఎందుకు బతుకుతున్నానో తెలియడం లేదు. మొన్న శివరాత్రికి ప్రభ మా వీధిలోంచే వెళ్లింది, గడప దాటి చూడబుద్ధి కాలేదు.
– ఒక పెద్దావిడ

జవాబు: అమ్మా, మనసులోది దాచుకోకుండా రాశారు, సగం పని మీరే చేశారు. తోడు పోయాక ఇల్లు బోసిపోయినట్టుండటం, పండగనాడు కన్నీళ్లు రావడం మామూలే. కానీ ఇష్టమైన ప్రభ వాకిట్లోకి వచ్చినా లేవబుద్ధి కాలేదన్నారే, అది డిప్రెషన్ కావచ్చు, వయసు మీదపడటం వల్ల వచ్చిందని వదిలేయొద్దు. పిల్లలకు ఇదే వాక్యం ఫోన్‌లో చెప్పి, ఒకర్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించుకోండి, అవి తగ్గితే మనుషులు మరీ దూరమైనట్టుంటుంది. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా పొద్దున్నే మీకోసం ఎదురుచూసే మనిషి ఒకరుండేలా చూసుకోండి, పక్కింటి పిల్లకు జడ వేయడమైనా సరే.

ప్రశ్న: కౌలుకు మిర్చి వేశాను. ధర పడిపోయి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. ఉన్నదాంతో తృప్తి పడమంటారు మా గురువుగారు. అప్పులవాళ్లు వాకిట్లో ఉంటే తృప్తి ఎలా వస్తుంది? లోపం నాలోనే ఉందా?
– ఒక కౌలురైతు, గురజాల ప్రాంతం

జవాబు: మీలో ఏ లోపమూ లేదు. తృప్తి అత్యాశకు మందు, అప్పుకు కాదు. అప్పు నెత్తిన ఉన్నప్పుడు మనసు కుదురుగా లేకపోవడమే సహజం. పుట్టుకతో బానిసైన ఎపిక్టిటస్ అనే తత్వవేత్త దాదాపు 1900 ఏళ్ల కిందట ఒకటే బోధించాడు: చేతిలో ఉన్నవేవి, లేనివేవి అని ముందు విడదీసుకోమని. యార్డులో ధర మీ చేతిలో లేదు. ఎవరికెంత బాకీయో కాగితం మీద పెట్టడం, భార్యకు అసలు లెక్క చెప్పడం, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అని గడువు అడగడం మీ చేతిలో ఉన్నాయి. ‘నేను పోతే వీళ్లు బాగుపడతారు’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది నిజం కాదు, జబ్బు మాట్లాడించే మాట. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, పురుగుమందు డబ్బాలు వేరే ఇంట్లో పెట్టించండి, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: త్వరలో మా పెళ్లి. ఆయన పైసా పైసా కూడబెట్టే మనిషి, నేను పదిమందికి పెట్టే మనిషిని. ఇద్దరి పద్ధతులూ వేరైతే కాపురం నిలుస్తుందా? ఇద్దరం కలిసి ఏ సూత్రం పెట్టుకోవాలి?
– కాబోయే పెళ్లికూతురు, నరసరావుపేట

జవాబు: నిలుస్తుందమ్మా, ఒకే పద్ధతి ఉన్న జంటలు చాలా తక్కువ. ఏ సూత్రం పెట్టుకున్నా మూడు ప్రశ్నలు వేసి చూడండి: జీతం ఆలస్యమైన నెలలో కూడా ఇది సాగుతుందా, ఒకరోజు తప్పితే మళ్లీ మొదలుపెట్టుకునే వీలుందా, ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుందా. మూడింటికీ అవునని వస్తే అది ఎంత చిన్నదైనా చాలు. ‘నెలకు ఇంత దాచుదాం, ఇంత పెడదాం’ అన్నది కూడా జీవిత సూత్రమే. మొదటి ఏడాది వీటి మీద చిన్నచిన్న గొడవలు మామూలు. నియమమంతా మీ ఒక్కరికే ఉండి, పుట్టింటికి ఫోన్ చేయొద్దు, ఏటీఎం కార్డు ఇచ్చెయ్ అనే వరకు వస్తే మాత్రం సర్దుకుపోవద్దు. పెద్దవాళ్లకు చెప్పండి, అవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.